చుక్కబర్రె లేని ఉత్తరం

రేకు డబ్బా మూత తీయగానే ముందు బీడీ పొగాకు వాసన వచ్చింది, దాని వెనకాల పాత పసుపు వాసన, ఆ రెండింటికీ అడుగున ఎక్కడో కవర్లకు అంటించే జిగురు వాసన. ఇన్నేళ్లయినా ఆ పొగాకు ఘాటు చావలేదు, ముక్కులోకి ఎక్కి వరసగా తుమ్ములు తెప్పించింది. మా అమ్మ బీడీలు చుట్టే చాట పక్కనే ఈ డబ్బా ఉండేది. బాపు, అంటే మా నాన్న, దుబాయి నుంచి మాకు రాసిన ఉత్తరాలూ, మేము రాస్తే ఆయన అక్కడ దాచుకుని తిరిగొచ్చేటప్పుడు సంచిలో తెచ్చిన ఉత్తరాలూ, అన్నీ కలిసి ఇందులోనే ఉన్నాయి. దీన్ని అటక మీది నుంచి నేనేమీ ముచ్చటపడి దించలేదు, మా అమ్మాయి నా ప్రాణం తీసి దింపించింది.

మా కీర్తన హైదరాబాదులో హాస్టల్లో ఉండి పెద్ద చదువు చదువుతోంది. ఫోన్ చేసిందంటే చదువు సంగతి గోరంత, సాయంత్రం హాస్టల్ గేటు ముందు బండి మీద వేసే మిర్చీ బజ్జీల సంగతి కొండంత. ఇవాళ ఎన్ని తిన్నది, ఎంత కారంగా ఉన్నాయి, పక్క మంచం పిల్ల ఎట్లా ఏడ్చింది, అవి లేకుండా ఒక్క ఫోనూ ఉండదు. ఈసారి సెలవులకు వస్తూ ఒక ప్రాజెక్టు వెంట తెచ్చింది. మామూలు మనుషులు రాసుకున్న ఉత్తరాలు చదివి వాళ్ల ఇళ్లలో డబ్బు ఇబ్బందులు ఎట్లా ఉండేవో తెలుసుకోవాలట. తిండి, పంట, జబ్బు, అప్పు అని గడులు గీసుకుని డబ్బా ముందు కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నానికి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"అమ్మా, గీ ఉత్తరాలల్ల ఒక్క కష్టం గూడ లేదే. ఏది తీసినా క్షేమం, క్షేమం, క్షేమం. మనోళ్లు అప్పట్ల అంత మంచిగ బతికిన్రా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచిగ బతికినమట! ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెప్పీ చెప్పీ నా ఓపిక ముందే అరిగిపోయి ఉంది, దానికి తోడు ఇంట్లో ఈ మాట. చెంప మీద ఒక్కటి వేద్దామనిపించింది గానీ, దాని తప్పు మాత్రం ఏముంది? కష్టం అనే మాట కనిపిస్తే గడిలో రాసుకుందామని అది కూర్చుంది, ఆ మాటను ఉత్తరం దరిదాపులకు రానివ్వకుండా మా అవ్వ కాపలా కాసింది.

అవ్వ అంటే బాపును కన్నతల్లి. బాన్సువాడలో మా పెంకుటింటి అరుగు మీద, తొడ కింద ఆకువక్క సంచి పెట్టుకుని కూర్చుని ఇల్లంతా నడిపేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, అమ్మకు సంతకం వచ్చు, కాబట్టి రెండో క్లాసు దాటినప్పటి నుంచి ఆ ఇంటి ఉత్తరాలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఆదివారం పొద్దున తలకు పోసుకుని, నీలిరంగు కాయితం పీట మీద పరుచుకుని, పైన శ్రీరామ రాసి కూర్చునేదాన్ని. అమ్మ నా పక్కనే చాట ఒడిలో పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరించి, చిటికెడు పొగాకు పోసి, వేళ్లతో గిర్రున చుట్టి దారం కడుతూ ఉండేది; ఆ పొగాకు ధూళి కాయితం మీద పడితే నేను ఊదేదాన్ని, ఊదితే అమ్మ చాటలోది లేచి నా కళ్లలోనే పడేది. కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కలు నావి. వాటితోనే బొమ్మలకు విస్తర్లు కుట్టేదాన్ని, గచ్చకాయలాటలో ఓడిన వాళ్లకు అవే దండుగ కట్టించేదాన్ని.

అవ్వ చెప్పేది ఒక భాష, నేను రాసేది ఒక భాష. ఆమె "మంచిగనే ఉన్నమని రాయ్" అంటే నేను "ఇక్కడ మేమందరమూ క్షేమము, అక్కడ నీవు క్షేమమని తలుస్తాము" అని పంతులు నేర్పినట్టు రాసేదాన్ని. తర్వాత ఇంట్లో ఉన్న ఒక్కొక్క జీవి క్షేమమూ వరసగా రావాలి: అవ్వ, అమ్మ, నేను, చివరికి నుదుటి మీద తెల్లచుక్క ఉన్న మా బర్రె. చుక్కబర్రె ఎట్లా ఉంది, పాలు ఎన్నిస్తోంది, దూడ ఉంటే దూడ ఎట్లా ఉంది, ఇదంతా లేకుండా కాయితం మడిచే ప్రసక్తే లేదు. మడిచాక అవ్వ పసుపు తడిపి నాలుగు మూలలకూ అద్దేది. ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాక కూడా నా వేళ్లు సాయంత్రం దాకా పచ్చగానే ఉండేవి.

ఒకసారి జ్వరమొచ్చి నేను బడి మానేస్తే ఆ సంగతి రాయబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే, ఏడ్పు రాస్తున్నవా? దూరముల ఉన్నోనికి ఏడ్పు రాస్తే నోట్లెకు ముద్ద దిగదే బిడ్డా. ఈడ మనకెట్లన్న దిగుతలేదు, ఆనికన్న దిగనియ్."

అట్లా నా జ్వరం ఉత్తరానికి ఎక్కలేదు. అవ్వ కాలు విరిగినది ఎక్కలేదు. వానాకాలం వంటింటి గోడ కూలి, మేము మహబూబ్ మామ వాళ్లింట్లో పొయ్యి పెట్టుకున్నది కూడా ఎక్కలేదు. వాళ్లది మా పక్కిల్లే, ఆయనా బాపూ దుబాయిలో ఒకే చోట పనిచేసేవాళ్లు. పీర్ల పండుగకు వాళ్లింటి నుంచి మలీద ముద్దలు మాకు, బతుకమ్మకు మా ఇంటి నుంచి సత్తుపిండి వాళ్లకు, గోడ మీదుగా గిన్నెలు పోతూ వస్తూ ఉండేవి. ఎంత లేని రోజుల్లోనూ ఖాళీ గిన్నె తిరిగి పంపిన జ్ఞాపకం నాకు లేదు, మరేమీ దొరక్కపోతే అమ్మ నాలుగు చింతకాయలన్నా వేసేది.

అబద్ధాలు ఇటునుంచి మాత్రమే పోయేవనుకుంటున్నారేమో! తల్లిని మించిన కొడుకు. బాపు ఉత్తరం ఏది తీసినా తిండికి కొదువ లేదు, పని అల్కగ, తేలికగ ఉంది, ఏసీ రూంల ఉంటున్నం, ఎండ ఎక్కువ లేదు. నడి వేసవిలో దుబాయిలో ఎండ లేదట! ఇక్కడ మేము తడిగోనె తలుపుకు కట్టుకుని, కుండ చుట్టూ ఇసుక పోసుకుని, మామిడికాయ తొక్కు రోట్లో నూరుతూ చెమటలు కక్కుతుంటే, అక్కడ చల్లగా ఉందట. నేను నిజమేననుకుని బళ్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ ఎండాకాలమే మహబూబ్ మామ సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నప్పుడు బాపు ఉత్తరంలో చివరన ఒక ముక్క రాశాడు. పాత నూలు చీరలుంటే రెండు ఆయన చేత పంపమని, తనకు కాదు, ఎవరో సోపతిగాడు, తనతో పనిచేసే స్నేహితుడు, అడిగాడని. అది చదవగానే అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది.

"తమ్మీ, నిజం చెప్పు. ఆయన ఎండల పని చేస్తుండా?" అని మహబూబ్ మామను అడిగింది.

"అరె, భాయ్ మస్తుగున్నడక్కా. నువ్వు ఫికర్ చేయకు," అంటూ ఆయన తన చెప్పుల వంక చూశాడు.

ఏసీ గదిలో ఉండేవాడికి తలకు చుట్టుకునే గుడ్డ ఎందుకు? అమ్మకు అర్థమైపోయింది. కానీ పాత చీరలు ఎక్కడివి మా ఇంట్లో? పాతవన్నీ ఎప్పుడో బొంతల్లోకి పోయాయి. తను కట్టుకునే మూడింటిలో మెత్తనిది ఒకటి తీసి, చింపి, అంచులు మడిచి కుట్టి, తొక్కు సీసా చుట్టూ చుట్టి పంపింది. మా ఉత్తరంలో మాత్రం యథాప్రకారం, మీ సోపతిగాడికి గుడ్డలు పంపుతున్నాము, మేము క్షేమము.

తర్వాత వచ్చింది అసలు కరువు. బీర్కూర్ వైపు కాలువ చివరన మాకు కొంచెం పొలం ఉండేది. మంచి సంవత్సరాల్లో నిజాంసాగర్ నీళ్లు వస్తున్నాయంటే గట్టు మీద నిలబడి, ఎండిన కాలువలో నురుగుతో, పుల్లలతో, కప్పలతో కలిసి ముందుకు పాకే ఆ మొదటి నీళ్లతో పోటీపడి పరిగెత్తేవాళ్లం. చలికాలం ఆ దారిలోనే బెల్లం వండే చోట వేడివేడి పాకం చెరుకు ముక్కకు చుట్టి ఇస్తే నాలుక కాల్చుకునేవాళ్లం. ఆ ఏడు వానల్లేవు, కాలువ చివరికి నీళ్లూ రాలేదు. పైవాళ్లకే చాలలేదు, మాకేం వస్తాయి? నారు మడిలోనే పండుబారి పోయింది. ఇంట్లో అన్నం పోయి మొక్కజొన్న నూకతో వండే మక్క గట్క వచ్చింది. పొద్దున గట్క, రాత్రి గట్క, మధ్యలో పచ్చిపులుసు మారితే అదే పండుగ.

సరిగ్గా అప్పుడే బాపు ఉత్తరం వచ్చింది. ఇక్కడ పని గడువు అయిపోతుంది, ఇల్లు మంచిగ నడుస్తుంటే దసరాకు వచ్చి ఇగ పొలం చేసుకుంట, నడుస్తలేదంటే చెప్పున్రి, ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్త. ఇదీ సంగతి.

చదివి వినిపించాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆయన రాడు. మంచిగా ఉందని రాస్తే వస్తాడు, వచ్చి ఎండిన పొలం చూస్తాడు. అమ్మ బీడీ కట్ట పక్కన పడేసింది.

"రమ్మని రాయ్. ఎండినా పండినా ఒక్కతాన ఉందాం. ఆడ ఎండల మాడి తెచ్చేది నాకొద్దు."

అవ్వకు ఏడుపు రాయకపోవడం నియమం, అమ్మకు మొగుడు రావడం ముఖ్యం, నాకు బాపు తెచ్చే సెంటు సీసా ముఖ్యం. ముగ్గురి అబద్ధమూ ఒక్కటే అయింది. పొలం పచ్చగా ఉందని రాశాం. అన్నం సంగతి ఎట్లా అంటే అవ్వ కాసేపు ఆకు నమిలి, "ఈ నడుమ నా పానం గట్క మీదికి పోతున్నది, అదే వండించుకుంటున్న అని రాయ్" అంది. రాశాను. ఆఖరున అలవాటు కొద్దీ చుక్కబర్రె క్షేమమని రాయబోతే మాత్రం గట్టిగా అరిచింది.

"వద్దు! నోరు లేని జీవం మీద అబద్ధమాడొద్దు. పాపం తగుల్తది. ఆ ముచ్చటనే ఇడ్సిపెట్టు."

ఎందుకంటే చుక్కబర్రె అప్పటికి మా కొట్టంలో లేదు. కోటగిరి నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కుని తోలుకుపోయాడు. గల్లీ మలుపు దాకా అది ఆగి ఆగి వెనక్కి చూస్తూ పోయింది, నేను గోడకు మొహం పెట్టుకుని ఏడ్చాను. గుంజకు కట్టిన పలుపుతాడును అవ్వ విప్పనియ్యలేదు. మనుషుల మీద, పొలం మీద, అన్నం మీద ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చట, బర్రె మీద ఆడకూడదట! ఎక్కడి ధర్మశాస్త్రమో అది. సరే, బర్రె లేకుండానే ఉత్తరం మడిచి పసుపు అద్దాం.

దసరాకు ముందే అమ్మ ఇల్లంతా ఎర్రమన్నుతో అలికింది, గడపకు పసుపు పూసింది, ఎక్కడ అడిగి తెచ్చిందో సన్నబియ్యం ఉట్టి మీద దాచింది. తంగేడు, గునుగు తెచ్చి నేను ఆ ఏడు గల్లీలోకెల్లా పొడుగు బతుకమ్మ పేర్చాను. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, అమ్మ చాట దించి గడపలోకి వచ్చేది. ఆయన రాలేదు, ఉత్తరం వచ్చింది. సద్దుల బతుకమ్మ రోజు, కొత్త గాజులు వేసుకుని, అరుగు మీద నిలబడి నేనే చదివాను.

'నాకు ఇక్కడ చాలా బాగున్నది. ఇప్పుడే ఇంటికి రాబుద్ధి అయితలేదు. ఇంకో రెండేండ్లకు సంతకం చేసిన. మీరందరు క్షేమమని సంతోషం.'

అవ్వ, "కొడుకుకు దుబాయి రుచి మరిగినట్టున్నది" అని లోపలికి పోయి పడుకుంది. అమ్మ కాసేపు బీడీలు చుట్టింది. ఉన్నట్టుండి చాట ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టింది, పొగాకు అలికిన వాకిలంతా చిమ్మింది.

"ఎండల మాడుకుంటనన్న ఉంటడట గని ఇంటికి రాడట. నాకన్న ఆ ఎండనే ముద్దయిందా ఆయనకు!"

ఆ రాత్రి అమ్మ ఏడుపు విన్నాను. బాపు మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, తర్వాతి ఉత్తరాల్లో అవ్వ చెప్పిన ముద్దులూ దీవెనలూ అన్నీ ఎగ్గొట్టాను.

రెండేళ్లకు ఆయన వచ్చాడు, బొగ్గులా నల్లబడి, చెంపలు లోపలికి పోయి. అమ్మ చెంబుతో నీళ్లిస్తూనే, "ఎండ ఇడ్సిపెట్టిందా?" అంది. అదే మొదలు, ఇప్పటికీ అదే మాట. పులుసులో ఉప్పు తక్కువైందన్నాడంటే "పో, ఆ ఎండకే పో." ఫ్యాను తిరగడం లేదన్నాడంటే "ఎండంటే ముద్దు గదా." ఆయన నవ్వడు, బదులు చెప్పడు. వచ్చిన వారంలోనే ఎవరినీ ఒక్క మాట అడగకుండా అంగడికి పోయి ఒక బర్రెను తోలుకొచ్చి, ఆ పలుపుతాడుకే కట్టేశాడు. చుక్కబర్రె ఏమైందని ఆయన అడగలేదు. అడగలేదేమని మాకెవరికీ తట్టలేదు, మా తెలివి తెల్లవారినట్టే ఉంది!

ఇప్పుడు అవ్వ లేదు. అమ్మా బాపూ నా దగ్గరే ఉంటారు. మొన్న సాయంత్రం అమ్మ ముంగిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, బాపు కుర్చీలో జోగుతున్నాడు. కీర్తన ఆ దసరా నాటి మా ఉత్తరమూ, దానికి బాపు ఇచ్చిన జవాబూ తెచ్చి గట్టిగా చదివింది. మేమెన్నడూ అడగనిది సూటిగా అడిగేసింది. నిజంగా, మా ఇంట్లో ఇంత చదువుకు ఇదొక్కటే లాభం.

"తాతా, అంత మంచిగున్నదని వీళ్లు రాసిన్రు గదా. మరి నువ్వెందుకు రాలే?"

బాపు కళ్లు తెరిచాడు.

"అండ్ల బర్రె లేదు గదనే."

"ఏంది?" అంది అమ్మ.

"ప్రతి కాయిదంల చుక్కబర్రె ఉంటుండె. గా కాయిదంల లేదు. ఎనకకు ముందుకు తిప్పి చూసిన, లేదు. గట్క మీద పానం పోయిందని రాసిండ్రు. మా అవ్వ జన్మల గట్క ముట్టలే. పంట పోయింది, బర్రెను అమ్ముకున్నరు అనుకున్న. ఇగ నేను వచ్చి ఏం చేద్దును? సంతకం పెట్టిన."

అమ్మ చేతులు చింతపండులోనే ఉండిపోయాయి.

"మరి రాబుద్ధి అయితలేదని ఎందుకు రాసినవ్?"

"మీ కోసమే ఉంటున్న అని రాస్తే మా అవ్వకు ముద్ద దిగునా?"

"అవ్వ ముద్ద అవ్వది. నా సంగతేంది? గీ మాట అప్పుడే చెప్తే నీ సొమ్మేం పోతుండె ముసలోడా! ఇన్నేండ్లు నిన్ను..." అని ఆగిపోయింది. ఆయన నెమ్మదిగా, "నువ్వు చెప్పినవా, మూడు చీరలల్ల ఒకటి చింపినవని?" అన్నాడు. "అది పాతది కాదు. నాకు ఎరుకే."

ఒకరి కష్టం ఒకరికి తెలుసు, ఇద్దరూ నోరు కుట్టుకున్నవాళ్లే. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏం మనుషులమ్మా! ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క చెప్పుకుంటే పోయేదానికి ఇన్నేళ్లు దెప్పుకుంటూ బతికారు. ఆ రాత్రి బాపు పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. అమ్మ లేచి ఉప్పు తెచ్చి పెట్టింది.

కీర్తన గడులన్నీ చెరిపేసి, ఏ ఉత్తరంలో ఏది ఉందో కాదు, ఏది ఉండాల్సింది లేదో రాసుకోవడం మొదలుపెట్టింది. నిన్న హైదరాబాదు వెళ్లిపోయింది. చేరాక ఫోనుకు సందేశం పెట్టింది: 'రీచ్డ్. ఆల్ గుడ్.' అంతే. నీలిరంగు కాయితం లేదు, పసుపు లేదు, వరసగా ఒక్కొక్కరి క్షేమం లేదు. రెండే ముక్కల్లో ఏది తప్పిపోయిందని వెతకాలి? నాకు తిక్క రేగి ఇవాళ సాయంత్రం ఫోన్ చేశాను.

"ఆల్ గుడ్ అంటే ఏందే? ఒక్కొక్కటి చెప్పు."

"అబ్బా, అంత మంచిగనే ఉందమ్మా!" అని విసుక్కుంటూనే చెప్పుకొచ్చింది. బస్సులో సీటు దొరికింది, గదిలో నల్లా బాగైంది, పక్క మంచం పిల్ల జుట్టు కత్తిరించుకుంది, మెస్సులో సాంబారు నీళ్లలాగే ఉంది, మేడం ఉత్తరాల సంగతి విని మెచ్చుకుంది. చాలాసేపు చెప్పింది. నేను చెవి రిక్కించి విన్నాను. అంతా అయిపోయింది, ఉంటానంది.

"ఆగు. మిర్చీలు తింటలేవా?"



"ఈ నెల పరీక్ష ఫీజు ఉండె గదమ్మా," అంది కీర్తన.